తాళంచెవిని బహిరంగంగా పారేసే పద్ధతి: 640 వాల్వులు, ఒక హ్యాష్ చెయిన్, కొన్ని తప్పుడు గడియారాలు

ఈ కేసులో సంస్థ పేరు, చోటు, పరికరాల మోడల్ చెప్పడం లేదు. ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని సంఖ్యలు కాస్త మార్చాను. తీసుకున్న నిర్ణయాలు, వాటి వెనక లెక్కలు, చేసిన తప్పులు మాత్రం జరిగినవి జరిగినట్టే రాశాను. తప్పుల్లో నావీ ఉన్నాయి.

నేపథ్యం

నీళ్ల పైపులైన్ల మీద 640 మోటరైజ్డ్ వాల్వులు. ఒక్కోదానికి ఒక చిన్న బోర్డు, బ్యాటరీ, తక్కువ వేగం రేడియో. మధ్యలో ఒక కంట్రోలర్ కూర్చుని "ఫలానా గ్రూపు 40 శాతం తెరుచుకో" అని అందరికీ ఒకేసారి బ్రాడ్‌కాస్ట్ చేస్తుంది. రేడియోలో ఒకసారికి పంపే ముక్కను ప్యాకెట్ అంటాం, అందులో మనం వాడుకోగలిగేది 51 బైట్లు. బోర్డు మీద 16 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 8 కిలోబైట్ల ర్యామ్. నూటికి ఎనిమిది ప్యాకెట్లు దారిలోనే పోతాయి. ఇవన్నీ తరవాత ప్రతి నిర్ణయంలోనూ అడ్డొచ్చాయి కాబట్టి ముందే చెబుతున్నాను.

మెసేజ్‌లకు రక్షణ అసలు లేదని కాదు. హెచ్‌మ్యాక్ ఉంది, అంటే రహస్య కీతో లెక్కగట్టి మెసేజ్‌కు తగిలించే ముద్ర. కాకపోతే దాని కీ ఒక్కటే, అది 640 బోర్డుల్లోనూ ఉంది. రిపేరుకు వెళ్లిన ఒక బోర్డులోంచి ఒక కుర్రాడు అరగంటలో ఫర్మ్‌వేర్ (బోర్డు లోపలి ప్రోగ్రామ్) బయటికి లాగి, ఆ కీ చూపించాడు. మంచివాడు కాబట్టి చూపించాడు. నన్ను పిలిచింది ఆ మర్నాడు.

అసలు సమస్య

అందరూ దీన్ని "కీ లీకైంది" అన్నారు. నా దృష్టిలో సమస్య అది కాదు. కొత్త కీ పెట్టినా ఇంకో బోర్డు విప్పితే మళ్లీ మొదటికే వస్తాం. ఉమ్మడి కీతో హెచ్‌మ్యాక్ వాడితే, మెసేజ్‌ను తనిఖీ చేయగలిగిన ప్రతి ఒక్కరూ అదే మెసేజ్‌ను పుట్టించగలరు. అంటే ప్రతి వాల్వుకూ కంట్రోలర్ వేషం వేసే సత్తా మనమే ఇచ్చాం. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ ఇంట్లో 640 మంది ఉన్నారు.

కాబట్టి కావలసింది ఇది: వాల్వు తనిఖీ మాత్రమే చేయగలగాలి, పుట్టించలేకపోవాలి. ఒక్క వాల్వు మొత్తం విప్పి చూసినా మిగతా 639 వాల్వులను మోసం చేయడానికి పనికొచ్చేదేదీ అందులో దొరకకూడదు.

ముందు అనుకున్నవి, వదిలేసినవి

సహజంగానే మొదట గుర్తొచ్చేది డిజిటల్ సంతకం: పంపేవాడు మాత్రమే చేయగలడు, ఎవరైనా సరిచూడగలరు. ఈడీ25519 అనే రకం సంతకం 64 బైట్లు. మన ప్యాకెట్ 51. అంటే ప్రతి మెసేజ్ రెండు ముక్కలవుతుంది, రెండూ చేరాలి. ఒక్కో ప్యాకెట్ చేరే అవకాశం 92 శాతమైతే రెండూ చేరేది 85 శాతం లోపే. ఇక బోర్డు మీద టీమ్ దగ్గరున్న లైబ్రరీతో ఒక్క సంతకం తనిఖీకి రెండున్నర సెకన్లు పట్టింది. ఎవరైనా చెత్త ప్యాకెట్లు వరసగా పంపిస్తే బ్యాటరీ తాగేస్తుంది. సంతకాన్ని పూర్తిగా పారేయలేదు, ఏడాదికోసారి చేసే పనికి దాచాం. రోజువారీ మెసేజ్‌లకు మాత్రం కుదరదు.

అప్పుడు టీమ్‌లో ఒకరు హ్యాష్ చెయిన్ మాట ఎత్తారు. ఆలోచన పాతదే. 1981లో లెస్లీ లాంపోర్ట్ పాస్‌వర్డ్‌ల కోసం చెప్పినది. తరవాత ఎస్/కీ అనే వన్‌టైమ్ పాస్‌వర్డ్ విధానానికి ఆధారమైంది. ఒక యాదృచ్ఛిక సంఖ్య తీసుకుని దానికి హ్యాష్ (వెనక్కి తిప్పలేని ఒక లెక్క), ఆ వచ్చినదానికి మళ్లీ హ్యాష్, అలా లక్షలసార్లు. చిట్టచివర వచ్చిన విలువను అందరికీ ముందే ఇచ్చేస్తాం. దాన్ని యాంకర్ అంటాం. తరవాత వెనక నుంచి ఒక్కొక్కటే బయటపెడతాం. వచ్చిన విలువకు వాల్వు ఒకసారి హ్యాష్ చేసి తన దగ్గరున్న పాత విలువతో పోల్చుకుంటుంది. సరిపోతే అది కంట్రోలర్ ఇచ్చినదే, ఎందుకంటే హ్యాష్‌ను వెనక్కి తిప్పడం ఎవరి తరమూ కాదు. వాల్వులో రహస్యమంటూ ఏమీ లేదు. విప్పుకుంటే విప్పుకోనీ.

టీమ్ డిజైన్‌లో ప్రతి మెసేజ్‌కూ తోకలా ఒక చెయిన్ విలువ తగిలించారు. మెసేజ్ 12 బైట్లు, విలువ 16 బైట్లు, హాయిగా పట్టింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

నేను వైట్‌బోర్డు మీద మెసేజ్, విలువ పక్కపక్కన రాసి మధ్యలో నిలువుగా ఒక గీత గీశాను. "ఈ గీత దగ్గర కత్తిరించి ఎడమవైపు వేరే మెసేజ్ అతికిస్తే వాల్వుకు తెలుస్తుందా?" తెలియదు. దాడి చేసేవాడు వాల్వు దగ్గర సిగ్నల్‌ను జామ్ చేసి, తను మాత్రం ప్యాకెట్ విని, అందులోంచి తాజా విలువ తీసుకుని, "100 శాతం తెరుచుకో" అనే మెసేజ్‌కు తగిలించి పంపితే చాలు. విలువ నిజమైనదే, మెసేజ్ మాత్రం దొంగది. లాగిన్‌కు "నేనే" అని చెబితే సరిపోతుంది. ఇక్కడ "నేనే, ఈ మాటే అన్నాను" అని చెప్పాలి.

ఈ డిజైన్‌ను పక్కన పెట్టాం కానీ చెత్తబుట్టలో వేయలేదు. దాని సంగతి తరవాత వస్తుంది.

టెస్లా

పేరు వినగానే అందరూ కారు అనుకున్నారు. ఇది 2000లో అడ్రియన్ పెర్రిగ్, రాన్ కానెట్టి, డగ్ టైగర్, డాన్ సాంగ్ ప్రతిపాదించిన బ్రాడ్‌కాస్ట్ అథెంటికేషన్ ప్రోటోకాల్, అంటే అందరికీ పంపిన మెసేజ్ అసలైనవాడిదేనని తేల్చే పద్ధతి. 2005లో ఆర్‌ఎఫ్‌సీ 4082 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా వచ్చింది. చెయిన్ విలువను మెసేజ్‌కు తగిలించే బదులు దాన్ని కీగా వాడి మెసేజ్‌కు మ్యాక్ (హెచ్‌మ్యాక్ లాంటి ముద్ర) లెక్కగడతాం. కీని మాత్రం అప్పుడే చెప్పం, కాసేపాగి అందరికీ బహిరంగంగా చెప్పేస్తాం.

మేం పెట్టుకున్న లెక్క ఇది. కాలాన్ని 20 సెకన్ల స్లాట్లుగా కోశాం. 500వ స్లాట్‌లో పంపిన మెసేజ్‌కు 500వ కీతో మ్యాక్. ఆ కీ 502వ స్లాట్ మొదట్లో బయటికొస్తుంది. వాల్వు మెసేజ్‌ను దాచుకుని, కీ వచ్చాక చెయిన్‌తో సరిచూసి, మ్యాక్ సరిపోతే అప్పుడు పని చేస్తుంది. ఆలస్యం 20 నుంచి 40 సెకన్లు. నీళ్ల వాల్వుకు అదేమీ లెక్కలోకి రాదు. మధ్యలో ఒక కీ పోయినా ఫరవాలేదు. తరవాత వచ్చిన కీకి హ్యాష్ చేసుకుంటూ వెళితే పోయినది దొరుకుతుంది. నూటికి ఎనిమిది పోయే నెట్‌వర్క్‌లో ఇది వరం.

ఏడాదికి 15,76,800 స్లాట్లు. ఒక్కో కీ 16 బైట్లు, మొత్తం పాతిక మెగాబైట్ల చిల్లర. చెయిన్ మొత్తాన్ని దాచకుండా తక్కువ జ్ఞాపకంతో నడిపించే అందమైన పద్ధతులున్నాయి, చదవడానికి ముచ్చటేస్తాయి. మా కంట్రోలర్‌కు హార్డ్‌డిస్క్ ఉంది. ఫైల్లో పెట్టేశాం.

పై అధికారి ఒక్కటే అడిగారు: "దీన్ని ఇంకెవరైనా వాడుతున్నారా?" న్యాయమైన ప్రశ్న. ఐరోపా గెలీలియో ఉపగ్రహాల నావిగేషన్ సందేశాలకు అథెంటికేషన్ ఈ పద్ధతి మీదే ఉంది. 2025 జులైలో ఆ సేవ అధికారికంగా మొదలైంది. కోట్ల రిసీవర్లు, ఒక్క ఉపగ్రహం చెబుతుంటే వింటాయి, బ్యాండ్‌విడ్త్ పిసరంత. మా అవస్థే, కాకపోతే ఆకాశంలో.

ఎక్కడ చెడింది

టెస్లా భద్రత అంతా ఒక్క తనిఖీ మీద నిలబడుతుంది. మెసేజ్ చేతికందినప్పుడు వాల్వు తనను తాను అడగాలి: "ఈ మెసేజ్ కీ ఇప్పటికే బయటికొచ్చి ఉండే అవకాశం ఉందా?" ఉంటే ఆ మెసేజ్‌ను పారేయాలి, ఎందుకంటే బయటికొచ్చిన కీతో ఎవరైనా మ్యాక్ చేయగలరు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే కంట్రోలర్ గడియారం ఇప్పుడు ఎంత దూరం వెళ్లి ఉండొచ్చో వాల్వుకు తెలియాలి.

ఫీల్డ్‌లో పెట్టిన మూడు వారాలకు నేను వెళ్లి కోడ్ చూస్తే, ఆ తనిఖీ ఉన్న నాలుగు లైన్లూ కామెంట్‌లో, అంటే పనిచేయకుండా, ఉన్నాయి. పైన "తాత్కాలికం" అని రాసి ఉంది.

"రాత్రిళ్లు కొన్ని వాల్వులు మెసేజ్‌లన్నీ డ్రాప్ చేస్తున్నాయి మేడమ్. పొద్దున్నే ఫోన్లు. ఆ చెక్ తీసేస్తే ఆగిపోయాయి" అన్నాడు ఆ కోడ్ చూసే ఇంజినీర్. అతన్ని తప్పుపట్టలేకపోయాను. సిస్టమ్ పనిచేయకపోతే టెన్షన్ అతనికి. దాడి జరగకపోవడాన్ని ఎవరూ ఫోన్ చేసి మెచ్చుకోరు. నేనూ ఆ తనిఖీ ఎందుకుందో డిజైన్ నోట్‌లో ఒక్క వాక్యంలో తేల్చేశాను. పేజీ రాయాల్సింది.

కారణం వెతికితే బోర్డు నిద్రలో ఉన్నప్పుడు చిప్ లోపలి చిన్న గడియారం, ఆర్‌సీ ఆసిలేటర్‌తో టైమ్ లెక్కపెడుతోందని తేలింది. అది చలికి, వేడికి ఒక శాతం దాకా తప్పుతుంది. ఒక శాతమంటే చిన్నదిలా వినిపిస్తుంది. గంటకు 36 సెకన్లు. గడియారం సరిచేసుకునేది ఆరు గంటలకొకసారి. మా స్లాట్ 20 సెకన్లు!

ఇక్కడ కాస్త నిదానంగా చదవాలి. గడియారం ముందుకు పరిగెత్తే వాల్వు "ఈ కీ ఇప్పటికే బయటికొచ్చేసింది" అనుకుని మంచి మెసేజ్‌ను పారేస్తుంది. ఫిర్యాదు వస్తుంది, అంతే. దానివల్ల మోసం జరగదు. గడియారం వెనకబడిన వాల్వు అన్నిటినీ నిక్షేపంగా తీసుకుంటుంది, ఫిర్యాదే రాదు. పాత కీతో చేసిన దొంగ మెసేజ్‌ను కూడా అలాగే తీసుకుంటుంది. మాకు ఫోన్లు వచ్చింది బాగున్న సగం గురించి.

నమ్మించడానికి 12 బోర్డులు రాత్రంతా ఆరుబయట పెట్టి, తనిఖీని మళ్లీ ఆన్ చేసి, తెల్లవారుజామున నా ల్యాప్‌టాప్, ఒక చిన్న రేడియోతో కూర్చున్నాను. గాలిలోంచి కీ విన్నాను. ఒక నిమిషం ఆగాను. ఆ పాత కీతోనే "100 శాతం తెరుచుకో" అని మ్యాక్ కట్టి, పాత స్లాట్ నంబరు వేసి పంపి, వెనకే కీని కూడా పంపాను. అయిదు బోర్డులు దేన్నీ తీసుకోని స్థితిలో ఉన్నాయి. నాలుగు సరిగ్గా తిప్పికొట్టాయి. మూడు బోర్డుల మోటార్లు ఒకదాని తరవాత ఒకటి గుర్రుమంటూ తిరిగాయి. ఆ చప్పుడు విన్నాక ఎవరితోనూ వాదించే అవసరం రాలేదు.

ఇంకో ఘోరం అదే రోజు బయటపడింది. గడియారం సరిచేయడానికి పంపే బీకన్ సిగ్నల్‌కు ఏ అథెంటికేషనూ లేదు. అంటే వాల్వు గడియారాన్ని వెనక్కి తిప్పే పని కూడా దాడి చేసేవాడి చేతికే ఇచ్చాం. తలుపుకు మంచి తాళం వేసి గోడ కట్టడం మరిచిపోయినట్టు.

పనిచేసినది

మొదట గడియారం. బోర్డు మీద 32.768 కిలోహెర్ట్జ్ క్రిస్టల్ (ఇంకా కచ్చితమైన గడియారం) మొదట్నుంచీ ఉంది! కరెంటు మిగలడానికని నిద్రలో ఆపేశారు. నడిపితే బ్యాటరీ మీద పడే భారం కొలిస్తే లెక్కలోకి రానంత. దాని తప్పు 20 పీపీఎమ్ (పది లక్షలకు 20) దరిదాపుల్లో ఉంటుంది, రోజుకు 1.7 సెకన్లు. చలి, వేడి కలిపి రోజుకు 5 సెకన్లు అనుకుని మార్జిన్ పెట్టాం.

తరవాత టైమ్ అడిగే తీరు మార్చాం. వాల్వే రోజుకోసారి అడుగుతుంది. అడిగేటప్పుడు ఒక కొత్త యాదృచ్ఛిక సంఖ్య పంపుతుంది. కంట్రోలర్ ఆ సంఖ్యను, తన టైమ్‌ను కలిపి, ఆ ఒక్క వాల్వుకే ఉన్న కీతో హెచ్‌మ్యాక్ చేసి జవాబిస్తుంది. ఆ కీ దొంగతనమైతే పోయేది ఆ వాల్వు ఒక్కటే.

ఈ జవాబును వాల్వు ఎలా వాడుకుంటుందన్నది ఈ కేసులో నాకు బాగా నచ్చిన భాగం. వాల్వు తన గడియారంలో 10:00:00కి అడిగిందనుకోండి. జవాబులో కంట్రోలర్ టైమ్ 10:00:07 అని ఉంది. ఇందులో ప్రయాణానికి ఎంత పట్టిందో, గడియారాల తేడా ఎంతో వాల్వుకు తెలియదు. తెలియనక్కర్లేదు. నేను అడిగిన క్షణానికి కంట్రోలర్ గడియారం 10:00:07 దాటి ఉండే అవకాశం లేదు, ఎందుకంటే అది ఆ టైమ్ చూసుకున్నది నా ప్రశ్న అందాకే. కాబట్టి 7 సెకన్లను గరిష్ఠ తేడాగా తీసుకుని, పైన రోజుల లెక్కన మార్జిన్ కలుపుతుంది. దాడి చేసేవాడు ప్రశ్నను దారిలో ఆపి ఆలస్యం చేస్తే ఆ 7 కాస్తా 15 అవుతుంది. వాల్వు ఇంకా ఎక్కువ అనుమానిస్తుంది, మంచి మెసేజ్‌లనూ పారేస్తుంది. తప్పు జరిగినా భద్రమైన వైపుకే జరుగుతుంది. మూడు రోజులు జవాబు అందకపోతే మార్జిన్ 15 సెకన్లకు చేరుతుంది. ఆపైన మళ్లీ టైమ్ దొరికేదాకా ఏ ఆదేశాన్నీ తీసుకోదు.

ఈ గడియారం ఇంకో పనికి కూడా అక్కరకొచ్చింది. ఎవరైనా చాలా ముందు స్లాట్ నంబరు వేసి దొంగ కీ పంపితే, పాపం వాల్వు దాన్ని సరిచూడ్డానికి లక్షల హ్యాష్‌లు చేస్తూ కూర్చుంటుంది. మా చిప్‌లో హ్యాష్‌కు దాదాపు ఒక మిల్లీసెకను. మూడు రోజులు నిద్రపోయి లేచిన వాల్వుకు న్యాయంగా చేయాల్సినవి 12,960, అంటే 13 సెకన్లు, అది సరే. గడియారం ప్రకారం ఇంకా రాని స్లాట్ కీ వస్తే ముట్టుకోకుండా పారేయమని చెప్పాం.

ర్యామ్ సంగతి. కీ వచ్చేదాకా మెసేజ్‌లు దాచడానికి ఒకటిన్నర కిలోబైట్లు ఇచ్చారు, 32 మెసేజ్‌లు పడతాయి. చెత్త ప్యాకెట్లతో దాన్ని నింపేయడం చిటికెలో పని. అందుకని వరస తిరగేశాం: 500వ స్లాట్‌లో మ్యాక్ ఒక్కటే పంపడం, 502లో మెసేజ్, కీ కలిపి పంపడం. వాల్వు దాచుకునేది 8 బైట్ల మ్యాక్, 2 బైట్ల నంబరు. అదే జాగాలో 150కి పైగా పడతాయి. ఇదేమీ పూర్తి మందు కాదు; దాడి ఖరీదు పెంచడం మాత్రమే. మ్యాక్ ప్యాకెట్‌ను మూడేసిసార్లు పంపుతున్నాం, మూడూ పోయేది పదివేలకు అయిదుసార్లు.

చెయిన్ కీనే నేరుగా మ్యాక్‌కు వాడొద్దని, దాన్నుంచి వేరే కీ పుట్టించి వాడాలని ఆర్‌ఎఫ్‌సీలోనే ఉంది. మొదటి వెర్షన్‌లో అది కూడా తప్పింది. సరిచేశాం.

ఏడాదికొక కొత్త చెయిన్, దాని యాంకర్‌కు ఈడీ25519 సంతకం. రెండు ప్యాకెట్లు, రెండున్నర సెకన్లు. ఏడాదికోసారి భరించొచ్చు.

అత్యవసరం వచ్చినప్పుడు

పైపు పగిలితే 40 సెకన్లు ఆగలేమని ఆపరేటర్లు చెప్పారు. టెస్లాలో ఆలస్యం తప్పదు. అక్కడ మనం పక్కన పెట్టిన పాత డిజైన్ గుర్తొచ్చింది. దాని లోపం ఏమిటి? విలువకూ మెసేజ్‌కూ ముడి లేదు, మెసేజ్ మార్చేయొచ్చు. మరి మార్చడానికి మెసేజే లేకపోతే? ప్రతి గ్రూపుకూ విడిగా ఇంకో చిన్న చెయిన్ పెట్టాం. అందులో తరవాతి విలువ గాలిలో వినిపించిందంటే దాని అర్థం ఒక్కటే: మూసెయ్. ఇంకే అర్థమూ లేదు. అక్కడికక్కడ తనిఖీ, అక్కడికక్కడ పని.

మిగిలిన సందు ఒకటుంది. ఎవరైనా ఆ విలువను జామ్ చేసి, దాచుకుని, అంతా సద్దుమణిగాక ఇంకో రోజు వదిలితే వాల్వులు మూసుకుంటాయి. అందుకని రోజూ టెస్లా ద్వారా వెళ్లే స్థితి మెసేజ్‌లో "అత్యవసర చెయిన్‌లో ఇన్నో నంబరు దాకా చెల్లిపోయాయి" అని పెట్టాం. ఆ మెసేజ్‌ను కూడా అడ్డుకోగలిగినవాడికి ఒక్కసారి అవకాశం దొరుకుతుంది. దాని సంగతి పైపుల ఇంజినీర్లతో మాట్లాడితే, వాళ్లకు మూసుకోవడం కన్నా ఒక్కసారిగా మూసుకోవడం భయం. వేగంగా పారే నీళ్లను హఠాత్తుగా ఆపితే వాటర్ హ్యామర్ (నీటి ఒత్తిడి దెబ్బ) వచ్చి పైపే పగలొచ్చు. ఈ ఆదేశం ఎప్పుడొచ్చినా నాలుగు నిమిషాలు తీసుకుని మెల్లగా మూసుకునేలా వాల్వు ఫర్మ్‌వేర్‌లోనే కట్టేశారు.

నాలుగు నెలల తరవాత

ఇన్నాళ్లూ మేం వాల్వుల గడియారాలే చూశాం. స్టాండ్‌బై కంట్రోలర్‌తో డ్రిల్ చేసిన రోజు లాగ్‌లు ముందేసుకుంటే ఒక గ్రూపులో ఆదేశాలన్నీ డ్రాప్. వాల్వులన్నీ సరిగ్గానే ఉన్నాయి. స్టాండ్‌బై గడియారం మెయిన్ కన్నా 50 సెకన్లు ముందుంది, రెండింటిలోనూ చెయిన్ ఒకటే. డ్రిల్‌లో రెండూ కాసేపు కలిసి నడిచాయి. స్టాండ్‌బై బయటపెడుతున్న కీలతో మెయిన్ అప్పటికింకా మ్యాక్‌లు కడుతోంది. ఆ కాసేపట్లో గాలి వింటున్నవాడికి మెయిన్ టైమ్‌తో నడిచే ఏ వాల్వునైనా మోసం చేయడానికి కావలసినదంతా దొరికింది. డ్రాప్ చేసిన గ్రూపు ఆ పొద్దున్నే స్టాండ్‌బై నుంచి టైమ్ తీసుకుంది కాబట్టి తప్పించుకుంది. మిగతా గ్రూపులు ఏ అనుమానమూ లేకుండా పనిచేస్తూ పోయాయి.

సందేశాలు అందుకునేవాడి గడియారం గురించి పేజీలు రాసిన నేను, పంపేవాడి గడియారం గురించి ఒక్క ముక్క రాయలేదు. ఇప్పుడు స్టాండ్‌బైకి వేరే సీడ్ (చెయిన్ మొదలయ్యే సంఖ్య), వేరే చెయిన్, దానికి సంతకం చేసిన యాంకర్ ముందే వాల్వుల్లో ఉంది. ఏ కంట్రోలరైనా లేవగానే రెండు వేర్వేరు టైమ్ సోర్స్‌లు చూస్తుంది. వాటి మధ్య 2 సెకన్లకు మించి తేడా ఉంటే ఒక్క కీ కూడా బయటపెట్టదు, స్క్రీన్ మీద ఎర్ర గీత చూపించి ఆపరేటర్ కోసం ఆగుతుంది. ఆ గీత ఇప్పటికి రెండుసార్లు వచ్చింది. రెండోసారి అదే ఇంజినీర్ ఫోన్ చేశాడు: "చెక్ తీసేయలేదు మేడమ్, టైమ్ సోర్స్ కేబుల్ ఊడిపోయింది, పెట్టాను."